రెండు సూట్‌కేసుల చిత్తు కాగితాలు

మొన్న ఆదివారం షార్జాలో ఒక ఫ్లాటు ఖాళీ చేయించడానికి సాయం వెళ్ళాను. అక్క పోయి నాలుగు నెలలైంది. అక్క అంటే నాకు చుట్టం కాదు. రోలా దగ్గర ఇరవయ్యేళ్ళు బట్టలు కుట్టుకుంటూ, పని ఇళ్ళలోంచి పారిపోయి వచ్చిన మన తెలుగు ఆడవాళ్ళకి ఔట్‌పాసులు ఇప్పించి, టికెట్లకి చందాలు పోగేసి ఊళ్ళకి పంపిన మనిషి. పేరు రాస్తే ఆవిడకి నచ్చేది కాదు, అందుకని రాయను.

వాళ్ళబ్బాయి రెండు సూట్‌కేసులు చూపించి, "ఇవన్నీ చిత్తు కాగితాలన్నా, కింద డబ్బాలో పడేద్దాం" అన్నాడు. సంఘం వాళ్ళు అప్పటికే వచ్చి వెళ్ళారట. ఉగాది సావనీరులో నివాళి పేజీ కోసం నాలుగు ఫోటోలు పట్టుకెళ్ళారు. నాలుగింట్లోనూ శాలువాలే!

ఆ చిత్తు కాగితాల్లో ఏముందో నాకు తెలుసు. 2018 ఆగస్టులో ఇక్కడ క్షమాభిక్ష మొదలైనప్పుడు, డిసెంబరు ఆఖరుదాకా వారాంతాల్లో కూర్చుని ఆవిడ పుస్తకాలు కొన్ని ఎక్సెల్లోకి ఎక్కించింది నేనే. మొత్తం పదకొండు నోటుపుస్తకాలు. పేరు, ఊరు, ఏజెంటు, ఎంత కట్టింది, కఫీల్ ఫోను నంబరు, ఎన్ని నెలల జీతం బాకీ. పదో తరగతి పాసవని ఆడవాళ్ళు ముప్పయ్యేళ్ళు నిండకుండా ఇంటిపనికి గల్ఫు రావడానికి మన ప్రభుత్వం ఒప్పుకోదు కదా, అందుకని ఆవిడ పాస్‌పోర్టు వయసు పక్కన "అసలు వయసు" అని ఇంకో గడి గీసుకుంది. 31 పక్కన 22. 32 పక్కన 24. అలా పేజీలకి పేజీలు. ఒకే మండలం, ఒకే ఏజెంటు, ఏడాది తర్వాత ఏడాది. డేటాబేసులు కట్టడమే నా ఉద్యోగం. ఇంత శ్రద్ధగా కట్టిన టేబుల్ ఏ క్లయింటు దగ్గరా చూడలేదు.

సంఘం పెద్దాయనకి ఫోన్ చేశాను. "వీటిని స్కాన్ చేయించి భద్రపరుద్దామండీ, ఒక కచేరీకి సినిమా గాయకుణ్ణి తెప్పించే ఖర్చులో పదో వంతు చాలు" అన్నాను. "అవన్నీ ఖల్లివల్లి వాళ్ళ గొడవలు బాబూ, మన కమ్యూనిటీ పరువేం కావాలి?" అన్నారు. పరువట! పారిపోయినవాళ్ళని పంపించినావిడకి శాలువా కప్పితే పోని పరువు, వాళ్ళ పేర్లు దాస్తే పోతుందా?

మనకిది కొత్త కాదు లెండి. భండారు అచ్చమాంబ 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వేసింది. 1902లో బందరులో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టింది. అదే ఏడు 'హిందూ సుందరి'లో ఆవిడ కథ 'ధనత్రయోదశి' అచ్చయింది. గురజాడ 'దిద్దుబాటు' 1910లో వచ్చింది. అయినా తొలి తెలుగు కథ ఏదంటే బళ్ళో మాకు చెప్పింది 'దిద్దుబాటు' అనే. (కథ అంటే ఏమిటి, తొలి అంటే ఏమిటి అన్న తగువులోకి ఇప్పుడు దిగను.) పత్రికలో అచ్చయిన కథనే అన్ని దశాబ్దాలు వెనక్కి నెట్టిన జాతి, దర్జీ చేతిరాత పుస్తకాన్ని దాస్తుందా?

గల్ఫులో ఆడవాళ్ళ చరిత్ర ఎవరు దాస్తారని నవ్వేవాళ్ళకి ఒక మాట. దుబాయ్ దేరాలో గోల్డ్ సూక్ దాకా వెళ్ళి గాజులు కొనుక్కొచ్చేస్తాం. ఆ సందుల్లోనే బైత్ అల్ బనాత్ అని ఒక పాత ఇల్లుంది, ఆడపిల్లల ఇల్లు అని అర్థం. రఫియా గుబాష్ అనే ఎమిరాతీ ప్రొఫెసరు, వృత్తిరీత్యా మానసిక వైద్యురాలు, దాన్ని సొంత పూనికతో మహిళా మ్యూజియం చేసి 2012లో తెరిచింది. ఊషా బింత్ ఖలీఫా అనే కవయిత్రికి అందులో ప్రత్యేకంగా చోటుంది. ప్రభుత్వం చేస్తుందిలే అని ఆవిడ కూర్చోలేదు.

వాళ్ళబ్బాయి అడిగిన ప్రశ్న ఒకటి మాత్రం న్యాయమైనది. "ఆ పేర్లు బయటపడితే వాళ్ళ కాపురాలు ఏమవుతాయన్నా? ఇంకా ఇక్కడే ఉన్నవాళ్ళ సంగతి?" నిజమే. అక్క నాకు కొన్ని కాపురాల సంగతులు చెప్పింది, ఊళ్ళో మొగుడికి ఇప్పటికీ తెలియనివి. అందుకే వీటిని నెట్‌లో పెట్టమనను. సీలు వేసి ముప్పయ్యేళ్ళో నలభయ్యేళ్ళో ఎవరూ తెరవకుండా ఒక గ్రంథాలయానికి ఒప్పగించొచ్చు, పెద్దపెద్దవాళ్ళ ఉత్తరాలకి ప్రపంచమంతా చేసేది అదే. మంత్రిగారి ఉత్తరమైతే గోప్యం, పనిమనిషి పేరైతే చెత్తబుట్టా?

ప్రస్తుతానికి సూట్‌కేసులు మా మంచం కింద ఉన్నాయి. వచ్చే నెల మా అమ్మ వస్తోంది, ఆ గది ఖాళీ చెయ్యమని మా ఆవిడ రోజూ గుర్తుచేస్తోంది. రాత్రిళ్ళు పిల్ల పడుకున్నాక రోజుకి నలభై పేజీల చొప్పున స్కాన్ చేస్తున్నాను. నిన్నటికి మూడో పుస్తకం సగమైంది.