ఉప్పల్ గేటు దాటని కెమెరా

2025 ఏప్రిల్ 6, ఆదివారం. ఉప్పల్ రాజీవ్‌గాంధీ స్టేడియంలో మన హైదరాబాదీ మహమ్మద్ సిరాజ్ గుజరాత్ జట్టు తరఫున 17 పరుగులకే 4 వికెట్లు తీశాడు. ఐపీఎల్‌లో వంద వికెట్ల మైలురాయి కూడా ఆ రోజే అందుకున్నాడు. ఆటో డ్రైవర్ కొడుకు సొంత ఊళ్లో అలా చెలరేగుతుంటే మంచి ఫొటో తీసుకోవాలని ఎవరికి ఉండదు? కానీ ప్రేక్షకుడి చేతిలో సెల్‌ఫోన్ తప్ప కెమెరా ఉండకూడదు. గేటు దగ్గరే ఆపేస్తారు.

ఉప్పల్ మ్యాచ్‌లకు పోలీసులు ప్రకటించిన నిషేధిత వస్తువుల్లో అగ్గిపెట్టె, లైటర్, వాటర్ బాటిల్, ల్యాప్‌టాప్‌లతో పాటు కెమెరాలూ ఉన్నాయి.

ఇలాంటి నిషేధాలకు కారణాలు రెండు. ఒకటి భద్రత. జనం కిక్కిరిసిన చోట బరువైన కెమెరా, స్టాండు ప్రమాదమే. రెండోది డబ్బు. 2023 నుంచి 2027 వరకు ఐపీఎల్ ప్రసార హక్కులు రూ.48,390 కోట్లకు అమ్ముడయ్యాయి. అంత పలికే ఆటను ఎవరుపడితే వాళ్లు తీసి అమ్ముకోవడానికి నిర్వాహకులు ఒప్పుకోరు.

భద్రత మాట కాదనలేం. హక్కుల మాటే కాస్త తిరకాసు. మ్యాచ్‌ను అక్కడికక్కడే లైవ్ పెట్టడానికి కెమెరా కంటే ఫోనే సులువు. ఆ ఫోన్‌కేమో అడ్డు లేదు! వింబుల్డన్‌లో ఈ చిక్కును కొలతతో తేల్చారు. 300 మిల్లీమీటర్ల లోపు లెన్స్ అయితే ప్రేక్షకుడు సొంతానికి ఫొటోలు తీసుకోవచ్చు.

ఈ నిబంధన దెబ్బ ఎక్కువగా తగిలేది దూరం నుంచి వచ్చేవాళ్లకే. హైదరాబాద్ వాసి కెమెరాను ఇంట్లో పెట్టి మళ్లీ రాగలడు. సుమారు 250 కిలోమీటర్ల దూరంలోని వేంసూరు నుంచి వచ్చిన కుర్రాడు ఏం చెయ్యాలి? నికాహ్, వలీమా ఫొటోలు తీసి బతికేవాడికి కెమెరా అంటే రోజీ. దాన్ని ముక్కూమొహం తెలియని దుకాణదారుడి చేతిలో పెట్టలేడు, వందలో వేలో పోసి కొన్న టికెట్‌నూ వదులుకోలేడు.

నిషేధం ఎత్తెయ్యమని కాదు. ఏ కెమెరా కుదరదో, ఎంత లెన్స్ వరకు పర్వాలేదో టికెట్ కొనేటప్పుడే తెలుగు, ఉర్దూల్లో చెప్పాలి. గేటు దగ్గర రసీదు ఇచ్చి సామాను దాచే కౌంటర్ పెట్టాలి. అప్పటిదాకా ఉప్పల్‌కు బయల్దేరేవాళ్లు కెమెరాను ఇంట్లోనే ఉంచడం మేలు.