వేడి ఎక్కడికి పోతుంది?

2025 మే నెల. వెసాక్ పండుగ సోమవారం పడింది కాబట్టి మూడు రోజుల సెలవు. సింగపూర్‌లో బండి ఉన్న ప్రతివాడికీ అలాంటప్పుడు ఒకటే ఆలోచన వస్తుంది: వంతెన దాటి మలేషియా పోదామని. మేమూ మలాకా బయల్దేరాం. శుక్రవారం సాయంత్రం వుడ్‌లాండ్స్ చెక్‌పాయింట్ ముందు మోటారుసైకిళ్ళ వరసలో నిలబడ్డాం. నా బండి 1200 సీసీ టూరింగ్ బండి, వెనక మా ఆవిడ. మీటరు మీద కూలెంట్ ఉష్ణోగ్రత 104 చూపిస్తోంది. రేడియేటర్ ఫ్యాను రొద పెడుతూ తిరుగుతోంది. రెండు మోకాళ్ళ మధ్యా కుంపటి పెట్టుకుని కూర్చున్నట్టుంది.

చుట్టూ చూస్తే, జొహోర్ బారు నుంచి రోజూ సింగపూర్ వచ్చి పనిచేసుకుని ఇళ్ళకి తిరిగి వెళ్ళే మలేషియన్లు. వాళ్ళవన్నీ నూరూ నూటయాభై సీసీల చిన్న బళ్ళు. ఒక్కడి మొహంలోనూ వేడి బాధ కనిపించలేదు. చెమట పోస్తోంది నిజమే, కానీ అది ఊరి వేడి. నాది మాత్రం నేను డబ్బిచ్చి కొనుక్కున్న వేడి!

ఇక్కడి తెలుగు మిత్రుల్లో పెద్ద బండి కొన్న ప్రతివాడూ ఏడాది తిరిగేలోపు నన్నడిగే ప్రశ్న ఒకటుంది: "ఇంజను వేడి తగ్గాలంటే ఏం కొనాలి గురూ?" చాలా ఏళ్ళు నేనూ అదే ప్రశ్న వేసుకుని చాలా సరంజామా కొన్నాను. ఆ ప్రశ్నే తప్పని ఇప్పుడు అనిపిస్తోంది. ఎందుకో చెప్తాను.

ముందు కాస్త లెక్క

ఒక లీటరు పెట్రోల్లో సుమారు 9 కిలోవాట్ అవర్ల శక్తి ఉంటుంది. బండి రోడ్డు మీద పరిగెడుతుంటే అందులో పావు వంతో, ఇంకాస్త ఎక్కువో చక్రానికి చేరుతుంది. మిగిలింది సైలెన్సర్ గుండా కొంత, రేడియేటర్ గుండా కొంత, ఇంజను ఒంటిమీద నుంచి కొంత వేడిగా బయటికి పోతుంది. బండి ఆగి ఇంజను తిరుగుతూ ఉంటే? చక్రానికి పోయేది సున్నా. తాగిన పెట్రోలంతా వేడే. గంటకి అర లీటరు తాగుతుందనుకుందాం. నాలుగున్నర కిలోవాట్లు! అంటే నాలుగు ఇస్త్రీ పెట్టెలు కాళ్ళ మధ్య పెట్టుకుని క్యూలో నిలబడినట్టు. పైగా అప్పుడు ఎదురుగాలి ఉండదు. వేడిని లాగేయాల్సింది ఒక్క బుల్లి ఫ్యాను.

మనం రోజూ చూసే సర్వర్ల కథా ఇదే. పని చేసినా చెయ్యకపోయినా కరెంటు తాగి వేడి కక్కుతూ ఉంటాయి. ఆ వేడిని గదిలోంచి తోడెయ్యడానికి మళ్ళీ కరెంటు. 2020లో ఈ దేశపు కరెంటులో 7 శాతం డేటా సెంటర్లకే పోయింది. 2019 నుంచి 2022 దాకా కొత్త డేటా సెంటర్లకి అనుమతులే ఆపేశారు. 2023లో వాటికోసం ఒక ప్రమాణం తెచ్చారు. గదుల్ని అతిగా చల్లబరచకండి, 26 డిగ్రీలకో అంతకు పైకో నెమ్మదిగా పెంచుకోండి అన్నది దాని సారాంశం. మరింత పెద్ద ఏసీ పెట్టుకోమని చెప్పలేదు, గమనించారా?

కొనక్కర్లేని వైద్యం

వేడి తగ్గించడానికి నిజంగా పనికొచ్చేవి దాదాపు ఖర్చు లేనివే. రేడియేటర్ రేకుల మధ్య ఇరుక్కున్న మట్టినీ పురుగుల్నీ మెల్లగా నీళ్ళు పోసి కడగాలి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రేకులు వంగిపోతాయి, జాగ్రత్త. కూలెంట్ మట్టం చూడాలి. బండితో వచ్చిన పుస్తకం చెప్పిన గడువుకి దాన్ని మార్చాలి. రేడియేటర్ మూతని తక్కువగా చూడకండి. లోపలి ఒత్తిడిని నిలబెట్టి నీళ్ళు నూరు డిగ్రీలకే మరగకుండా ఆపేది అదే. దాని రబ్బరు పాడైతే ఎంత ఖరీదైన కూలెంటైనా పొంగిపోతుంది.

కూలెంట్ అనగానే ఒక భ్రమ. గ్లైకాల్ ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లదనం అనుకుంటారు. నిజానికి వేడిని మోసుకుపోవడంలో నీళ్ళని మించింది లేదు. గ్లైకాల్ కలిపేది ముఖ్యంగా చలిదేశాల్లో గడ్డకట్టకుండా, ఇంకా మరిగే స్థానం పెరగడానికి. సింగపూర్‌లో గడ్డకట్టే బెంగ లేదు కదా అని కుళాయి నీళ్ళు పోస్తే మాత్రం అల్యూమినియం తినేస్తుంది. తుప్పు ఆపే మందులున్న కూలెంటే పొయ్యాలి, అదీ పుస్తకం చెప్పిన పాళ్ళలోనే.

ఇక క్యూలో నిమిషం మించి ఆగేట్టుంటే ఇంజను ఆపెయ్యడం. ఆపగానే మీటరు మీద అంకె ఇంకా పెరుగుతుంది. కంగారు పడకండి. పంపు ఆగిపోయింది కాబట్టి లోహంలో ఉన్న వేడి అక్కడున్న నీళ్ళలోకి దిగుతోంది, అంతే. కాసేపటికి తగ్గుతుంది.

మా ఆవిడ పిక్కలు

ఈ మాత్రం తెలిసి కూడా నేను ఆన్‌లైన్‌లో ఒక జత ప్లాస్టిక్ రెక్కలు తెప్పించాను. బండి ముందు భాగానికి బిగిస్తే రేడియేటర్ వేడిగాలి మోకాళ్ళ మీదకి రాకుండా మళ్ళిస్తుందిట. బిగించాను. అద్భుతం! మోకాళ్ళు చల్లబడ్డాయి. యోంగ్ పెంగ్ దాకా ఈల వేసుకుంటూ నడిపాను. అక్కడ టీకి ఆగితే మా ఆవిడ ప్యాంటు పైకి లాగి చూపించింది. పిక్కలు రెండూ ఎర్రగా కందిపోయాయి.

"మీకు చల్లబడింది, సంతోషం. ఆ వేడి ఎక్కడికి పోయిందనుకున్నారు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. నేను వేడిని తగ్గించలేదు. దాన్ని వెనక సీటుకి పంపించాను. మా ఫ్లాటులో ఏసీ చేసేదీ అదే, గదిలో వేడిని తీసి కారిడార్ వైపు పారబోస్తుంది.

ఇదే తప్పు ఇంకా పెద్ద ఎత్తున చేసేవాళ్ళున్నారు. బండి కింద ఉండే కెటలిటిక్ కన్వర్టర్ సుమారు 250, 300 డిగ్రీలు దాటితేగానీ పని మొదలుపెట్టదు. కార్బన్ మోనాక్సైడునీ, కాలని పెట్రోలు ఆవిర్లనీ, నైట్రోజన్ ఆక్సైడులనీ పనిపట్టేది అదే. అది వేడిగా ఉండటం లోపం కాదు, దాని ఉద్యోగమే అది. "దాన్ని పీకి పారేసి కంప్యూటరులో మ్యాపు మార్చేస్తే బండి చల్లగా ఉంటుంది" అని చెప్పే నిపుణులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వాళ్ళు చెప్పింది కొంతవరకు నిజమే. పెట్రోలు పాలు పెంచితే మంట కాస్త చల్లబడుతుంది. కానీ అప్పుడు మన మోకాలి వేడి వెనకవాడి ఊపిరితిత్తుల్లోకి విషమై వెళ్తుంది. అనుమతి లేకుండా ఎగ్జాస్ట్ మార్చడం ఇక్కడ నేరం కూడాను. నేరం కాని చోట కూడా అది మర్యాద కాదని నా అభిప్రాయం.

కంపెనీలకి ఈ సంగతి తెలుసు. అందుకే బీఎండబ్ల్యూ తన ఆర్ 1200 జీఎస్‌ని 2013 మోడల్లో నీళ్ళ వైపు తిప్పింది. గాలి చల్లదనాన్నే నమ్ముకున్న హార్లే డేవిడ్‌సన్ కూడా 2014లో కొన్ని టూరింగ్ బళ్ళ సిలిండర్ హెడ్లకి నీళ్ళు పెట్టింది. మన రాయల్ ఎన్‌ఫీల్డ్ 2023లో హిమాలయన్ 450తో అదే దారి పట్టింది. బండి ఆగి ఉన్నప్పుడు వెనక సిలిండర్‌ని నిద్రపుచ్చే ఏర్పాటు కూడా కొన్ని బళ్ళలో ఉంది. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. పుట్టిన వేడిని తోలడం కాదు, అసలు పుట్టించకపోవడం.

ఒంటి వేడి

ఇంజను గొడవలో పడి మనం మరిచిపోయేది మనిషిని. మా రెంటచింతల వైపు మే నెలలో 45 దాటిన వడగాల్పులో జాలీ జాకెట్టు బార్లా తెరుచుకుని పోతే గాలి చల్లబరచదు, కాలుస్తుంది. అక్కడ ఒళ్ళు కప్పుకుని, లోపల తడిబట్ట వేసుకోవడం మంచిది. సింగపూర్‌లో ఇప్పటిదాకా నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 37 డిగ్రీలే, 1983లో ఒకసారి, 2023లో ఒకసారి. కానీ ఇక్కడి గాలి తడిగుడ్డ లాంటిది. చెమట ఆరదు, ఆరని చెమట చల్లబరచదు. తడిపి వేసుకునే కూలింగ్ బనీన్లు కాలిఫోర్నియాలో పనిచేసినట్టు ఇక్కడ చెయ్యవు. ఇక్కడ కావలసింది గాలి ఆడే జాకెట్టు, తాగడానికి నీళ్ళు, నీడ.

2023 అక్టోబరులో ప్రభుత్వం ఆరుబయట పనిచేసే కార్మికుల కోసం ఒక నియమం పెట్టింది. గాలి తేమనీ ఎండనీ కలిపి కొలిచే వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్ 32 చేరితే, బరువు పని చేసేవాళ్ళకి గంటకి కనీసం 10 నిమిషాల విశ్రాంతి ఇవ్వాలి. కార్మికుడికి వర్తించే శరీరధర్మం సాఫ్టువేరు ఇంజనీరుకి వర్తించదా? ఆ రోజు క్యూలో నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. రెండువందల డెబ్బై కిలోల బండి, వెనక మనిషి, పక్కన ఆనుకుని పదిమంది. ఒక్క క్షణం పట్టు తప్పితే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోలేను. మీటరు మీద 104 చూస్తూ ఉన్నాను గానీ, నా సంగతి చూసుకోలేదు.

సరే, ఇప్పుడేం చెయ్యాలి?

ఇక్కడ పెద్ద బండి లైసెన్సు ఊరికే రాదు. 200 సీసీ దాకా ఒకటి, 400 దాకా ఇంకొకటి, ఆ పైన మరొకటి, మధ్య మధ్యలో కనీసం ఏడాదేసి ఆగాలి. అంత కష్టపడి సంపాదించాక పెద్దది కొనకపోతే ఎలా అనిపిస్తుంది. ప్రమోషన్ వచ్చాక పాత కుర్చీలో కూర్చోమన్నట్టు ఉంటుంది. బండి హక్కుపత్రం సీఓఈ ధర 2022లో ఒక దశలో 12 వేల సింగపూర్ డాలర్లు దాటింది. అంత కట్టేటప్పుడు చిన్న బండికెందుకు కట్టాలనీ అనిపిస్తుంది. కానీ సింగపూర్ ఎక్స్‌ప్రెస్‌వేల మీద గరిష్ఠ వేగం 90, మలేషియా హైవే మీద 110. ఆ వేగాలకి 1200 సీసీ ఎందుకో, పదేళ్ళుగా ఆ బండి నడుపుతున్న నేను చెప్పలేను.

నా బండికి పదేళ్ళ సీఓఈ వచ్చే ఏడాదితో అయిపోతుంది. మళ్ళీ డబ్బు కట్టి ఉంచుకోవాలి, లేదా వదిలెయ్యాలి. వదిలేద్దామనే నిర్ణయానికొచ్చాను. 400, 500 సీసీల మధ్య తేలికపాటి బండి ఏదైనా చూస్తున్నాను. మిత్రులు నవ్వుతున్నారు, వయసైపోయిందంటున్నారు. అయ్యే ఉంటుంది.

చిన్నప్పుడు మా చేలో ఒక ఆయిల్ ఇంజను ఉండేది. అది తోడే బావి నీళ్ళలోంచే ఒక సన్నటి పాయ ఇంజను చుట్టూ తిరిగి, గోరువెచ్చగా పక్క గొట్టంలోంచి కాలవలో పడేది. పుష్యమాసపు చలిలో నాట్లు వేసి వచ్చిన ఆడవాళ్ళు అక్కడే కాళ్ళూ చేతులూ కడుక్కునేవాళ్ళు. ఆ ఇంజను వేడి ఎక్కడికి పోతోందో మా ఇంట్లో అందరికీ తెలుసు. మీ బండి వేడి ఎక్కడికి పోతోందో, ఈసారి టీకి ఆగినప్పుడు వెనక కూర్చున్నవాళ్ళని అడిగి చూడండి.