ఆ ధర తగ్గించేది కెమిస్టే

హెచ్‌ఐవీ సోకకుండా ఆరు నెలలకోసారి వేయించుకునే ఇంజెక్షన్ లెనకాపవిర్. 2025 జూన్‌లో అమెరికా అనుమతించింది. అక్కడ దాని ధర ఏడాదికి 28,000 డాలర్ల పైమాటే. హైదరాబాద్‌ సంస్థలు డాక్టర్ రెడ్డీస్, హెటిరో మాత్రం 2027 నుంచి పేద, మధ్యాదాయ దేశాలకు దాన్ని ఏడాదికి సుమారు 40 డాలర్లకే ఇస్తామంటున్నాయి. ఇంత తేడా ఎలా?

పేటెంట్ ఉన్న కంపెనీ లైసెన్స్ ఇచ్చింది, దాతృ సంస్థలు తోడయ్యాయి. కానీ లైసెన్స్ కాగితం మందు తయారు చేయదు కదా! చవక ముడిసరుకుతో, తక్కువ దశల్లో, వృథా లేకుండా అదే అణువును కట్టే దారిని కెమిస్టు వెతకాలి. ఆర్గానిక్ సింథసిస్ అంటే ఇదే.

మనకిది కొత్త కాదు. గుంటూరులో పుట్టిన డాక్టర్ ఎ.వి.రామారావు పుణె ఎన్‌సీఎల్‌లో, ఆపై హైదరాబాద్ ఐఐసీటీలో జీవితమంతా ఈ పనే చేశారు. తొలి ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీని 1990ల మొదట్లో సిప్లా ఇక్కడ తయారు చేసింది ఐఐసీటీ పరిజ్ఞానంతోనే. అప్పట్లో మన చట్టం మందుకు కాక తయారీ పద్ధతికే పేటెంట్ ఇచ్చేది. 2005లో ఆ వెసులుబాటు పోయింది. అందుకే ఇప్పుడు లైసెన్స్ కోసం ఎదురుచూపులు.

ఒక్క మాట. నివారణకు ఇచ్చే ఈ ఇంజెక్షన్ వైరస్ లేనివారికే. ఏఆర్‌టీ కేంద్రంలో ఉచితంగా మాత్రలు తీసుకుంటున్నవారు దీన్ని నమ్ముకుని వాటిని ఒక్కరోజూ ఆపకండి.