ఇంటి పద్దు: పాత కారునకు తగిన వెల

అమెరికాలో డల్లాసు ప్రాంతమున కాపురముండు నొక సోదరి మాకు జాబు వ్రాసినారు. ఆమె భర్తగారు 1966 నాటి పోంటియాక్ జి.టి.ఓ. కారు నొకదానిని చూచివచ్చి నిద్రాహారములు మరచినారఁట. అమ్మువాఁ డడుగునది 85 వేల డాలర్లు. పెద్దమ్మాయి కాలేజీ చదువునకు దాచిన పైకములో కొంత తీయవలసియున్నది. “వలదన్నచో ముఖము చిన్నబుచ్చుకొందురు, సరే యనుటకు నాకు భయము” అని యామె మాట.

ఇట్టి బండ్లను అచ్చట మజిల్ కార్లందురు. 1964లో పోంటియాక్ వారు తమ మధ్యరకపు లెమాన్స్ బండిలో పెద్ద కార్లకు వాడు 389 ఘనాంగుళముల ఇంజను నమర్చి, జి.టి.ఓ. యని పేరిడి, పడుచువాండ్ర కందు వెలకు అమ్మిరి. తొలి యేటనే 32,450 బండ్లు చెల్లినవి. పిమ్మట భీమా రుసుములు, పొగ నిబంధనలు, 1973 నాటి పెట్రోలు కరవు కలిసి యీ వేడుకను ముగించినవి. నాఁడు కొనలేక చూచి యూరకున్న కుర్రవాండ్రు పెద్దవారై చేతినిండ డబ్బుతో వచ్చుటచే వెలలు పెరిగినవి. 2008 తరువాత ఆ వెలలే పడినవి కూడ.

మనము నగ కొనునపుడు మెరుగు చూచి డబ్బిత్తుమా? గీటురాయిపై గీయించి, రాళ్ల తూకము తీయించి కదా కొందుము. కారునకు గీటురాయి రంగు కాదు, అంకెలు, కాగితములు. 1964, 65లలో జి.టి.ఓ. యనునది లెమాన్స్ పై కొను అదనపు సరంజామాయే గనుక బండి నంబరు దానిని తెలుపదు. 1966 నుండి అది వేరు తరగతి. నంబరు 242తో మొదలు కావలెను. కానిచో, ముంగిట నెన్ని బిళ్లలు మెరసినను అది వేషము వేసిన బండి. వేషమని చెప్పి అమ్మిన తప్పు లేదు, గాని వెల వేరు.

ఇంజనుపై పోతపోసిన తేదీయు, చెక్కిన అక్షరములును బండితో సరిపోవలెను. మూఁడు కార్బురేటర్ల ఇంజను (360 అశ్వశక్తి) ఉన్నదన్నచో వెల హెచ్చు. అయినను వానిని తరువాత బిగించుట సులభము. అందుచే పోంటియాక్ వారి నాటి బిల్లు నకలు చూడనిదే ఆ హెచ్చు సొమ్ము ఈయరాదు.

ఇఁక తుప్పు. పలుచని గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతమును వెనుక చక్రముల పైభాగమునను, వెనుక అద్దము క్రిందను ఆనించి చూడుఁడు. అంటనిచోట ఇనుము లేదు, పుట్టీ యున్నది! ఈ పని భర్తగారికంటె మీరే నిదానముగా చేయఁగలరు.

అడిగిన వెల వెల కాదు; అమ్ముడైన వెలయే వెల. వేలములలో పలికిన మొత్తములను చూడుఁడు. టెలివిజను వేలపు మోజు తీసివేయుఁడు. పాటపై నూటికి సుమారు 10 రుసుము వేరుగా నుండును. హేగర్టీ వారి ధరల పట్టికలో స్థితినిబట్టి 1 మొదలు 4 వరకు తరగతులున్నవి. అమ్మువాఁడు ఒకటియనును, ఎక్కువ బండ్లు మూఁడు. “బాగుచేయుటకే యింత పోసితిని” అనుమాట లెక్కకు రాదు, కుట్టుకూలి కలిపి పాతచీర నెవరు కొందురు?

కాగితము మహిమ కొక యుదాహరణము. 1968 నాటి ‘బుల్లిట్’ చిత్రములో స్టీవ్ మక్వీన్ నడపిన మస్టాంగును ఒక కుటుంబము 1974లో 6,000 డాలర్లకు కొన్నది. ఆ యింటి యిల్లాలు దానిలోనే బడికి పోయి పాఠములు చెప్పెడిది. 1977లో మక్వీన్ తిరిగి యిమ్మని జాబు వ్రాసినను వారీయలేదు. గీతలు, తుప్పు తుడువకయే 2020 జనవరిలో ఫ్లోరిడా వేలమున అది 34 లక్షల డాలర్లు పలికినది. చిత్రము పేరు అటుండనిండు, ఆ జాబు లేనిచో బండి యదియేయని నమ్మువారెవరు?

కనుక సోదరీ, వలదనకుఁడు. బిల్లు నకలు చూపించినపిదప మాటాడుదమనుఁడు. అమ్మువాఁడు తొందరపెట్టినచో, 1966లో జి.టి.ఓ.లు 96,946 తయారైనవని భర్తగారికి చెప్పుఁడు.