ఆగే బండికే ఆ మోటార్లు కావాలి

వందే భారత్ అనగానే గంటకు 160 కిలోమీటర్లనే మాటే వినిపిస్తుంది. చెన్నైలోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ 2018లో తయారుచేసిన మొదటి రేకు (కోచ్‌ల వరుస) కోటా దగ్గర పరీక్షల్లో 180 కూడా అందుకుంది. అయితే 2023 సెప్టెంబరు 24న మొదలై అనంతపురం, ధర్మవరం మీదుగా నడుస్తున్న కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందే భారత్‌కు సుమారు 610 కిలోమీటర్ల దారికి ఎనిమిదిన్నర గంటల సమయం ఇచ్చారు. సగటు గంటకు 72 కిలోమీటర్లే. ఇందులో బండి తప్పేమీ లేదు. వంపులు, సిగ్నళ్లు, ముందు పోతున్న గూడ్సులు ఎంత పోనిస్తే అంతే పోగలదు.

మరి ఆ బండి గొప్పతనం ఎక్కడుంది? ముందు ఇంజన్ తగిలించి మొత్తం లాగించే పద్ధతి వదిలి, ఒకటి విడిచి ఒకటి చొప్పున కోచ్‌ల కిందే మోటార్లు పెట్టారు. లాగే బలం అనేక చక్రాలకు పంచడం వల్ల బండి చటుక్కున వేగం అందుకుంటుంది. రెండో తరం రేకు 52 సెకన్లలో వంద వేగం చేరుతుందని రైల్వే చెబుతోంది. కానీ ఆ చురుకు ఎవరికి ఎక్కువ అక్కర? వంద కిలోమీటర్ల దూరంలో 130కి బదులు 160తో పోతే మిగిలేది ఎనిమిది తొమ్మిది నిమిషాలు. పది పన్నెండు కిలోమీటర్లకోసారి ఆగే ప్యాసింజర్ మాత్రం ఆగిన ప్రతిచోటా మళ్లీ వేగం అందుకోవడానికి సమయం పోగొట్టుకుంటుంది. బొంబాయి లోకల్ రైళ్లు 1925 నుంచీ కోచ్‌లలోని మోటార్లతోనే నడుస్తున్నాయంటే కారణం ఇదే. మనం ఆ సుగుణాన్ని తక్కువగా ఆగే బండికి కట్టబెట్టాం. (పూలదండలు కూడా దానికే పడతాయి.)

అనంతపురం జిల్లాలోని గుమ్మఘట్ట నుంచి చూస్తే లెక్క ఇంకా తేటగా కనిపిస్తుంది. ఇక్కడివాళ్లకు దగ్గరి పెద్ద స్టేషన్ రాయదుర్గం. వందే భారత్ ఎక్కాలంటే బస్సులో అనంతపురం దాకా పోవాలి. అందులో మిగిలే సమయం ఆ బస్సులోనే కరిగిపోతుంది. వానలు ముఖం చాటేసిన ఏట కూలికి బెంగళూరు పోయే కుటుంబాలకు కావలసింది కళ్యాణదుర్గం, మడకశిర, పావగడ మీదుగా తుమకూరు చేర్చే దారి. 207 కిలోమీటర్ల రాయదుర్గం–తుమకూరు లైన్ 2007–08లో మంజూరైంది. పదిహేనేళ్లు దాటినా రాయదుర్గం వైపు కొంత భాగంలోనే బండ్లు తిరుగుతున్నాయి.

కరువు సీమలో ఎక్కేవాళ్లెవరని అడగవచ్చు. వాళ్లు ఈరోజు బస్సుల్లో ఉన్నారు, బండి లేదు కాబట్టి స్టేషన్ లెక్కల్లోకి రారు. అంత ఖరీదైన రేకు ఇక్కడికెందుకంటే, మోటార్లు కావాలి గానీ తిరిగే కుర్చీలు అక్కర్లేదు. గుజరాత్‌లో 2024 సెప్టెంబరులో అహ్మదాబాద్–భుజ్ మధ్య ఇలాంటి రేకునే రిజర్వేషన్ లేకుండా, దారి పొడవునా ఆపుతూ మొదలుపెట్టారు. సింగిల్ లైన్ మీద ఎదురుబండి కోసం క్రాసింగుల దగ్గర ఎటూ నిలబడక తప్పదన్న అభ్యంతరంలో మాత్రం పస ఉంది. చురుకైన బండి సెక్షన్‌ను త్వరగా ఖాళీ చేస్తుంది, అంతే. క్రాసింగ్ స్టేషన్లు దగ్గర దగ్గరగా లేకపోతే ఆ లాభం కూడా పోతుంది. కాబట్టి మన ప్రజాప్రతినిధులు వందే భారత్‌కు ఇంకో హాల్టు అడిగే ముందు తుమకూరు లైన్ ఎప్పటికి పూర్తవుతుందో, దాని మీద ఏ రేకు తిప్పుతారో, క్రాసింగులు ఎక్కడెక్కడ పెడతారో రైల్వే చేత రాతపూర్వకంగా చెప్పించాలి.