డబ్బు ఏ దారిన రావాలి?
రోలెక్స్ వాచీని ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టినవాళ్లు ధర దగ్గర గీచిగీచి బేరమాడతారు, డబ్బు ఏ దారిన రావాలో మాత్రం కొనేవాడికే వదిలేస్తారు. నాకదే వింత. స్క్రీన్‌షాట్ డబ్బు కాదు. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ కొట్టమనేవాడు దొంగే. నగదంటారా, 2 లక్షలూ ఆపైన తీసుకుంటే అంత మొత్తమూ జరిమానా పడొచ్చు, అదీ ఇచ్చినవాడికి కాదు, పుచ్చుకున్నవాడికి. చెక్కు బౌన్సయితే కోర్టు మెట్లెక్కాలి. నా ఓటు ఆర్‌టీజీఎస్‌కే, కొనేవాడి బ్యాంకు బ్రాంచిలో కూర్చుని, మన ఖాతాలో జమ చూసుకున్నాకే వాచీ ఇవ్వడం. పంపే ఖాతా కూడా అతని పేరునే ఉండాలి. ఇంకెవరి దగ్గరో కొట్టేసిన సొమ్ము మనకు చేరితే, సైబర్ పోలీసుల మాట మీద బ్యాంకు మన ఖాతానూ స్తంభింపజేయొచ్చు. ‘మా బావమరిది పంపుతాడండీ’ అన్నాడా, వాచీ చేతికి పెట్టుకుని లేచి రావడమే.