బొమ్మ ఒక్కటే సాక్ష్యం కాదు

ఫ్రీలాన్స్‌గా పనిచేసే చిత్రకారులు, గ్రాఫిక్ డిజైనర్ల ఆన్‌లైన్ పోర్ట్‌ఫోలియోలు చాలావరకు ఒకే తీరున ఉంటాయి. పేజీ తెరిస్తే వరసగా బొమ్మలు, వాటి కింద లోగో, పోస్టర్, ముఖచిత్రం అని ఒక్కో మాట, అట్టడుగున వాట్సాప్ నంబరు. 2022 దాకా ఈ పద్ధతి ఎలాగోలా నెట్టుకొచ్చింది. మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ ఆ ఏడాది అందరికీ అందుబాటులోకి వచ్చాక తళతళలాడే బొమ్మ తయారుకావడానికి నిమిషం చాలుతోంది. ఇక పూర్తయిన బొమ్మను చూసి దాని వెనక ఎంత పనితనం ఉందో తేల్చుకోవడం కష్టం. అందుకే పోర్ట్‌ఫోలియోలో బొమ్మలు తగ్గాలి, వాటి వెనక పని కనిపించాలి. ఎవరు ఏమడిగారు, ఎక్కడ చిక్కు వచ్చింది, దాన్ని ఎలా విప్పారు, అందులో తన వంతు ఎంత అన్నది ఆ పేజీలోనే ఉండాలి.

తెలుగు పుస్తకం అట్టనే చూడండి. పేరు రెండు వరసల్లో వస్తే పై వరస ఒత్తులు కింది వరస గుడులకు తగులుతాయి. ఎడం పెంచితే పేరు రెండు ముక్కలుగా కనిపిస్తుంది, తగ్గిస్తే చదవడం కష్టం. ఫొటోషాప్‌లో భారతీయ లిపులకు సరిపడే కంపోజర్ ఎంచుకోకపోతే ఒత్తులు అక్షరం కింద కుదురుకోక పక్కకు జరుగుతాయి. అను ఫాంట్లలో కొట్టిన మేటర్‌ను యూనికోడ్‌లోకి మార్చితే తప్పులు దొర్లుతాయి. పుటల సంఖ్యా కాగితం మందమూ తేలితే గానీ స్పైన్ వెడల్పు తేలదు. తెరమీద మెరిసిన నీలం ప్రెస్సు నుంచి వచ్చేసరికి వెలిసినట్టుంటుంది. ప్రచురణకర్తకు అసలు బెంగ వీటి గురించే. ముందట్ట బొమ్మ ఒక్కటి పెడితే ఇందులో ఏదీ కనిపించదు. ముందు, వెనక, స్పైన్ కలిపి పరిచిన పూర్తి అట్ట, పక్కన పెట్టేసిన ఒక రఫ్ స్కెచ్, అదెందుకు కుదరలేదో చెప్పే రెండు వాక్యాలు ఉంటే ఆయన బెంగ సగం తీరుతుంది.

తన వంతు చెప్పడం ఇంకా ముఖ్యం. సినిమా పోస్టర్‌లో ఫొటో ఒకరిది, పేరు రాసిన అక్షరాలు ఇంకొకరివి, వాటిని కలిపి రంగులు దిద్దింది మరొకరు. ముగ్గురూ అదే పోస్టర్‌ను ఏ వివరమూ లేకుండా తమ పేజీలో పెట్టుకుంటే చూసేవాళ్లు ఎవరిని నమ్మాలి? బాపు బొమ్మకు సంతకం లేకపోయినా గీతే చెప్పేస్తుంది. అంతటి గీత ఇంకా చేతికి రాని వాళ్లు తమ వంతు ఇదీ అని రాసుకోక తప్పదు.

ఇదంతా చదివే తీరిక ఎవరికుందన్న మాట వస్తుంది. నిజమే, మొదట అందరూ ఫోన్లో బొమ్మలు చూసి వేలితో తోసేస్తారు. కానీ పని ఇవ్వదలచి ఇద్దరు ముగ్గుర్ని ఎంచుకున్నాక అదే మనిషి తీరిగ్గా చదువుతాడు. కాబట్టి బొమ్మ ముందు, వివరం దాన్ని నొక్కితే. రఫ్ స్కెచ్‌లను కూడా ఏఐతో పుట్టించవచ్చు కదా అన్న అనుమానం ఇంతకంటే గట్టిది. పుట్టించవచ్చు. అయితే అచ్చయిన పుస్తకం పేరూ ప్రచురణకర్త పేరూ ఉన్నచోట ఎవరైనా వాకబు చేయవచ్చు. ఫలానా రంగు ఎందుకని ఎదురుగా అడిగితే, పని చేయనివాళ్ల దగ్గర జవాబుండదు.

ఇన్‌స్టాగ్రామ్ ఉండగా సొంత సైటు దేనికి అనేవాళ్లూ ఉన్నారు. క్లయింట్లు అక్కడ తారసపడుతున్న మాట వాస్తవమే, దాన్ని వదులుకోనక్కర్లేదు. కానీ అక్కడ మంచి పని కొత్త పోస్టుల కిందకు జారిపోతుంది, ఎవరికి ఏది కనిపించాలో కంపెనీ తేలుస్తుంది. పైగా ఇతరుల మీద ఆధారపడ్డది ఎప్పుడైనా ఆగిపోవచ్చు. గూగుల్ ప్లస్ అనే సామాజిక మాధ్యమం 2019లో మూతపడింది. 2020 చివర అడోబీ ఫ్లాష్‌కు మద్దతు ఆపేయడంతో ఫ్లాష్‌లో కట్టుకున్న సైట్లు తెరుచుకోవడం మానేశాయి. సొంత డొమైన్, మామూలు పేజీ, పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ బొమ్మగా కాక అక్షరాలుగా ఉండటం, ఇవి చాలు. పేరును బొమ్మలో ఇమిడ్చేస్తే వెతికినా దొరక్కపోవచ్చు.

క్లయింటు కోసం చేసిన పనిని చూపే హక్కు మనకుందా అన్న ప్రశ్నను మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే తొలి హక్కుదారు ఆ డబ్బిచ్చినవారే. హక్కులు చేతులు మారినా ఇది నా పనే అని చెప్పుకునే హక్కును 57వ సెక్షన్ కర్తకు ఉంచింది, అంతమాత్రాన బొమ్మను ప్రదర్శించే అనుమతి వచ్చినట్టు కాదు. అడ్వాన్సు తీసుకునే రోజునే, విడుదలయ్యాక దీన్ని నా పోర్ట్‌ఫోలియోలో పెట్టుకుంటానని ఒక వాక్యం రాయించుకుంటే గొడవ ఉండదు. మనవాళ్లకు మొహమాటం అడ్డొచ్చేది ఇక్కడే.

ఇంకా క్లయింట్లే లేని కొత్తవాళ్లు తమంతట తాము పని కల్పించుకోవచ్చు. ఉదాహరణకు, కన్యాశుల్కం రాసిన గురజాడ 1915లో కన్నుమూశారు. మన చట్టంలో రచనల గడువు రచయిత మరణానంతరం 60 ఏళ్లు, కాబట్టి కన్యాశుల్కానికి కొత్త అట్ట వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పక్కన ‘సొంత సాధన’ అని స్పష్టంగా రాయాలి. ఏ ప్రచురణ సంస్థో అడిగి వేయించుకున్నట్టు చూపిస్తే, నిజం తేలడానికి ఒక్క ఫోన్ కాల్ చాలు.